పర్ణశాల దారిలో నాలుగెకరాలు

ఇల్లు ఖాళీ చేయమని మా ఖమ్మం ఇంటాయన మర్యాదగానే చెప్పాడు. కూతురు వచ్చి ఉంటుందట, నెల రోజులు టైమిస్తానన్నాడు, కూర్చోబెట్టి టీ కూడా ఇప్పించాడు. ఎనభై దాటిన మా అమ్మ ఆ మాట విని లేచింది. లోపలికి వెళ్లి తన రేకు పెట్టె ముందు చతికిలబడి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. నాయిన ఉద్యోగం పోయి కంపెనీ క్వార్టరు వదిలిన నాటి నుంచి మాకు ఇది పదకొండో కిరాయి ఇల్లు. సర్దుకోవడం అమ్మకు ఎంత అలవాటైపోయిందంటే, ఈ పదకొండు ఇళ్లలో ఒక్క గోడకూ మేకు కొట్టనివ్వలేదు. క్యాలెండరు కూడా కిటికీ చువ్వకే కడుతుంది. ఎవరి గోడకో చిల్లు పెట్టి మాట పడడమెందుకు అంటుంది.

ఆ పెట్టె అడుగున, నాయిన రుమాలు మడతలో, ఒక తెల్లకాగితం దొరికింది. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలు కావడానికి సిద్ధంగా ఉంది. దాని మీది చేతిరాత నాదే. రెండు పుస్తకాలు అచ్చు వేసుకుని రచయిత్రినని చెప్పుకుని తిరుగుతాను కదా, మీ మొదటి రచన ఏదని ఎవరైనా అడిగితే బడి పత్రికలో వచ్చిన కథ పేరు చెబుతుంటాను. అది అబద్ధం. నా మొదటి రచన ఈ భూమి కాగితమే. అప్పుడు నేను ఏడో తరగతి. "ఒక్కసారి ఆ భూమి చూసొద్దామే" అంది అమ్మ, కాగితం వైపు చూడకుండానే. "అది మనది కాదు కదమ్మా" అన్నాను. "మనదని నేనన్నానా? చూసొద్దామన్నాను, అంతే" అంది.

మా నాయిన కొత్తగూడెం బొగ్గుగనిలో ఫిల్లరు. అంటే పేల్చిన బొగ్గును తట్టలతో ఎత్తి పట్టాల మీది టబ్బుల్లో నింపేవాడు. ఆయన పుట్టింది కారేపల్లి దగ్గర ఒక పల్లెలో. మూడు తరాలుగా వాళ్లది ఇతరుల చేలల్లో పని చేసిన ఇల్లు. నాయిన రోజూ భూమి లోపలికి అంత లోతున దిగి వచ్చేవాడు గానీ, పైన మాత్రం ఆయనకు గజం నేల లేదు. షిఫ్టు దిగి వచ్చేసరికి అమ్మ బొగ్గుల పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్లు కాచి ఉంచేది. పెరట్లో బండ మీద కూర్చోబెట్టి బీరపీచుతో వీపు రుద్దేది. మొదటి చెంబు నీళ్లు నల్లగా పోయేవి, రెండోదీ నల్లగానే పోయేది, నాలుగో చెంబుకు గానీ మా నాయిన రంగు బయటపడేది కాదు. ఆ పొగ వాసన, ఎర్ర సబ్బు వాసన, తడిసిన బొగ్గు వాసన కలిసి మా ఇంటి వాసన. పక్కింటి వాసనా అదే. కాలనీ మొత్తం ఒకే వాసన వేసేది కాబట్టి మాకెవరికీ తెలిసేది కాదు. వేరే ఊరి చుట్టాలు వచ్చి ముక్కు చిట్లించినప్పుడు తెలిసేది.

మా అమ్మది ఆంధ్ర అంచున పెనుబల్లి. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆమె "ఏంటండీ" అంటే నాయిన "ఏందండి" అని వెక్కిరించేవాడట. చచ్చేదాకా ఆ వెక్కిరింత మానలేదు, అమ్మా తన యాస మానలేదు. క్వార్టరులో రెండు గదులు, ఒక వరండా. తలుపు మీద తెల్ల రంగుతో అంకెలు. ఏడాదికోసారి కంపెనీ పెయింటరు వచ్చి ఆ అంకెల మీద మళ్లీ రంగు దిద్ది పోయేవాడు. అమ్మ గుమ్మానికి పసుపు రాసుకుని, బొట్లు పెట్టుకున్న మర్నాడే వచ్చి, ఆ పసుపు మీదే కారేలా దిద్దేవాడు. ఆ రోజు అమ్మకు చెప్పలేనంత కోపం వచ్చేది. "నంబరు లేని తలుపు ఒకటి కట్టించి పెట్టండి నాకు, ఇంకేం అడగను" అనేది నాయినతో. నిజంగానే ఇంకేం అడగలేదు. ఆమె చెవులకు రాళ్ల కమ్మలు తప్ప ఏ రోజూ ఏమీ చూడలేదు నేను.

ముత్తయ్య మామ మాకు గని దగ్గరే పరిచయం. గని కప్పు కూలకుండా లోపల నిలబెట్టే కట్టెలు అడవి నుంచి లారీల్లో వచ్చేవి. ఆ లారీతో పాటు దించడానికి వచ్చేవాడు. పర్ణశాల దారిలో, అడవి మొదలయ్యే చోట వాళ్ల ఊరు. కోయవాళ్లు. మాతో తెలుగు మాట్లాడేవాడు, తన ఎద్దులతో మాత్రం కోయభాషే. "ఎడ్లకు తెలుగు రాదు, నేర్పిచ్చినా నేర్వయి" అని నవ్వేవాడు. ఆయన భార్యకు జబ్బు చేసి భద్రాచలం దవాఖానాలో పెట్టాల్సి వచ్చిన ఏడాది, నాలుగెకరాలు తీసుకోమని తనే నాయినను అడిగాడు. తుప్పలు, రాళ్లు, నాలుగు ఇప్పచెట్లు ఉన్న నేల అది. దారి కూడా సరిగ్గా లేదు. కొంటే ఆ రోజు ఏమీ రాదు, చాలా ఏళ్లు ఏమీ రాదు. నాయినకు నచ్చింది కూడా అదే. "ఇయ్యాల రాళ్లే. పదిహేనేండ్లు పోనీ. రోడ్డొస్తది, కరెంటొస్తది. నా కాళ్లు రెక్కలు ఉడిగేనాటికి అది మనకు అన్నం పెడ్తది" అన్నాడు.

ఏజెన్సీలో గిరిజనుల భూమి ఇతరులు కొనకూడదని చట్టం ఉంది. వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. ఆ పేరు మా కాలనీలో అందరూ విన్నదే. విన్నా, నాయిన గ్యాంగులో అరడజను మంది అప్పటికే తెల్లకాగితాల మీద కొనేశారు. రిజిస్ట్రేషను ఆఫీసు గుమ్మం తొక్కనవసరం లేకుండా పని అయిపోతుందని వాళ్లకదొక సుళువుగా కనిపించింది. గని లోపల మనిషి మాట మీద మనిషి ప్రాణం పెట్టి పని చేసేవాళ్లు వాళ్లు. పక్కవాడు కప్పు బాగుంది అంటే దాని కిందికి నడిచేవాళ్లు. మాట అయ్యాక కాగితం ఒక అలంకారమే అనుకున్నారు. "చట్టాలు గిట్లనే ఉంటయా? రేపు మారుతయ్" అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

కాగితం రాయడానికి నన్ను తీసుకుపోయారు. కాలనీలో నా చేతిరాతకు పేరుండేది. ముత్తయ్య మామ వాకిట్లో చాపల మీద ఇప్పపువ్వు ఎండుతోంది. ఆ తియ్యటి, కాస్త పులిసిన వాసన తలకెక్కి నాకు మత్తుగా ఉండింది. మంచం మీద పలక పెట్టుకుని కూర్చున్నాను. నాయిన ఎక్కడో విన్న మాటలన్నీ గొంతు సవరించుకుని చెబుతుంటే రాశాను. పుత్ర పౌత్ర పారంపర్యంగా అన్న చోట ఆగి, ఎట్లా రాయాలి అని అడిగాను. నాయినకు చదువు రాదు, ముత్తయ్య మామకు అసలే రాదు. "నీకు ఎట్ల బాగనిపిస్తే గట్ల రాయి బిడ్డా" అన్నారు ఇద్దరూ. ఆ ముక్క తప్పు రాశానని ఇప్పుడు చూస్తే తెలుస్తోంది. ముత్తయ్య మామ వేలిముద్ర వేశాడు. నాయిన తనకు వచ్చిన ఆ ఒక్క సంతకం పెట్టాడు. మామ భార్య, జబ్బు మనిషి, నాకు జొన్న జావ పోసి ఇచ్చింది. తిరిగొచ్చేప్పుడు బస్సులో నాయిన కాగితాన్ని బనీను లోపల పెట్టుకుని, బ్రిడ్జి మీద గోదావరి కనిపించగానే లేచి నిలబడి దండం పెట్టాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో అడవి వాసన కూడా చేరింది. నెలకోసారి నాయిన సెలవు రోజు పొద్దున్నే బయల్దేరి వెళ్లేవాడు. సెలవుల్లో నన్నూ తీసుకెళ్లేవాడు. భూమిని ముత్తయ్య మామే దున్నుకునేవాడు, పండినదాంట్లో మాకింత ఇచ్చేవాడు. జొన్నలు, చింతపండు, ఎండాకాలం తునికిపండ్లు, ఒక్కోసారి సీసాలో తేనె వచ్చేవి. నాయిన చేసే పనల్లా రాళ్లు ఏరడం. వారమంతా బొగ్గు ఎత్తిన మనిషి, సెలవు రోజు పోయి రాళ్లు ఎత్తేవాడు. ఏరిన రాళ్లను చేను చుట్టూ వరసగా పేర్చుకుంటూ పోయాడు. ఏళ్లు గడిచేసరికి అది మోకాలెత్తు గోడయింది. ఒక మూల మాత్రం రాయి వేయనిచ్చేవాడు కాదు. అక్కడ ఇల్లు. అమ్మ అక్కడికి వచ్చింది రెండుసార్లే. వచ్చిన రెండుసార్లూ ఆ మూలలోనే తిరిగి, వంటిల్లు ఎటు పెట్టాలో చెప్పి, కొంగు దులుపుకుని బస్సెక్కింది.

నేను వరంగల్లులో బీఈడీ చదువుతున్నప్పుడు ఒక రోజు సోషల్ పాఠాలు చెప్పే సారు ఏజెన్సీ భూముల సంగతి వివరించాడు. క్లాసయ్యాక వెనకాలే వెళ్లి అడిగాను, తెల్లకాగితం మీద రాసుకుంటే ఏమవుతుందని. ఆయన నడుస్తూనే, "అది పల్లీలు పొట్లం కట్టుకోవడానికి పనికొస్తదమ్మా" అన్నాడు. ఎన్నేళ్లయినా చెల్లదా అంటే, ఎన్నేళ్లయినా చెల్లదు, ఎప్పుడు బయటపడితే అప్పుడు భూమి తీసి గిరిజనుడికి ఇచ్చేస్తారు, ఇవ్వాలి కూడా అన్నాడు. ఎందుకు ఇవ్వాలో కూడా చెప్పాడు. చుట్టపు చూపుగా వచ్చి, ఉప్పుకు బట్టకు జబ్బుకు డబ్బిచ్చి, అడవి అంచు ఊళ్లను ఎవరెవరు ఎట్లా తినేశారో చెప్పాడు. ఆ జాబితాలో మా నాయిన ఉంటాడని నేను అనుకోలేదు. ఉన్నాడు. జబ్బుకు డబ్బిచ్చిన వాళ్లలో ఉన్నాడు.

ఆ సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు ఎట్లాగైనా చెప్పాలనే వెళ్లాను. వెళ్లేసరికి ఇంట్లో పరిస్థితి వేరుగా ఉంది. ఊపిరితిత్తులు పాడయ్యాయని కంపెనీ డాక్టర్లు నాయినను అన్‌ఫిట్ చేశారు. కొడుకుంటే ఆ ఉద్యోగం కొడుకుకు వచ్చేది. ఉన్నది నేనొక్కదాన్నే. కొద్ది నెలల్లో క్వార్టరు వదలాలి. ఇంత జరిగినా మనిషి మాత్రం ఉత్సాహంగా ఉన్నాడు. బొగ్గు ముక్కతో వరండా గచ్చు మీద ఇల్లు గీసుకుని కూర్చున్నాడు. తలుపులు, కిటికీలు, తులసి గద్దె కూడా గీశాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, దగ్గుకుంటూ అన్నాడు: "బిడ్డా, కంపెనీ పైసలు వస్తయ్. మీ అమ్మ ఖమ్మంల ప్లాటు తీసుకుందమంటది, ఊరి చివర అగ్గువకు ఉన్నదట. నేనేమో మన భూమి మీద బాయి తవ్విద్దమంటున్న. రెంటికి సరిపోవు. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు చెప్పు. నువ్వేదంటే గది."

ప్లాటు అంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పాలి. పదేళ్లుగా ఏరిన రాళ్ల సంగతి చెప్పాలి, నా చేతిరాత సంగతి చెప్పాలి. ఆయన ముఖం చూశాను. ఒక ఆరు నెలలు పోయాక, ఒంట్లో కాస్త కుదుటపడ్డాక చెబుదాం అనుకున్నాను. అప్పటికప్పుడు ఆయన ముఖం వాడిపోకుండా ఉంటే చాలుననుకున్నాను. "బావే తవ్వించు నాయినా" అన్నాను. ఆయన "అవ్, గదీ మాట" అని తొడ మీద చరుచుకున్నాడు. పిరికితనానికి నేను ప్రేమ అని పేరు పెట్టుకున్నాను. చాలా ఏళ్లు ఆ పేరుతోనే పిలిచాను.

బావి తవ్వారు. నీళ్లు బాగా పడ్డాయి. ఇంటికి పునాది గుంటలు తీసి, రాయి దింపిన తర్వాత నోటీసు వచ్చింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆ ఊళ్లన్నీ సర్వే చేస్తుంటే మా గోడ కనబడింది. ఎవరిదని అడిగారు, అంతే. నాయిన అంత శ్రద్ధగా పేర్చిన రాళ్లే మమ్మల్ని పట్టిచ్చాయి. భద్రాచలం ఆఫీసులో విచారణకు నేనూ వెళ్లాను. ముత్తయ్య మామ ఓ పక్కన గోడకు ఆనుకుని నిలబడి, తనే తప్పు చేసినట్టు తల దించుకున్నాడు. ఆఫీసరు కాగితం తీసి పైనుంచి కిందిదాకా చదివాడు. మంచివాడే. "చేతిరాత ముత్యాల్లా ఉంది. ఎవరు రాశారు?" అని అడిగాడు. నాయిన చేతులు కట్టుకుని నిలబడ్డవాడల్లా నిటారుగా అయ్యాడు. "మా బిడ్డ సార్. ఏడో తరగతిల రాసింది" అన్నాడు. ఆఫీసరు నా వైపు చూసి, కాగితం మడిచి తిరిగి నాయిన చేతిలో పెట్టాడు. దాంతో ఆయనకు పని లేదు. భూమి, బావి, పునాది గుంటలతో సహా, తిరిగి ముత్తయ్య మామకే రాశారు.

చట్టం తప్పని నేను ఏనాడూ అనలేకపోయాను. అది తప్పయి ఉంటే తిట్టుకోవడానికి నాకు ఒక దిక్కుండేది. నాయిన కూడా తిట్టలేదు. "వాళ్లకే కావాలె, వాళ్లదే" అని ఒకసారి అన్నాడు. ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు. కిరాయి ఇంట్లో కిటికీ పక్కన మంచం వేసుకుని, ఊపిరి లెక్కపెట్టుకుంటున్నట్టు పడుకునేవాడు. నేను ప్రైవేటు బడిలో సోషల్ చెప్పి తెచ్చిన జీతం ఆయన మందులకూ ఇంటి కిరాయికీ పోయేది. పెళ్లి ఊసు ఎత్తిన వాళ్లను నేనే పంపించేశాను. ఆరు నెలలు పోయాక చెబుదామనుకున్న మాట, ఆయన పోయేదాకా చెప్పలేదు. ఇక చెప్పాల్సిన అవసరం కూడా లేదనుకున్నాను. అమ్మకు కూడా చెప్పలేదు.

ఇప్పుడు ఖమ్మం నుంచి ఎటు వెళ్లినా రోడ్డు పక్కన రంగు జెండాలు, హద్దురాళ్లు, వెంచర్ల బోర్డులు. తుప్పల మధ్య తెల్ల సున్నం గీతలు వేసి ప్లాట్లంటున్నారు. మా బడిలో పని చేసిన లెక్కల సారు ఒకాయన మొన్న ఫోనులో వీడియో చూపించి, "ఇప్పుడేం లేదు మేడమ్, పదిహేనేళ్లు వదిలేస్తే బంగారమే" అన్నాడు. నాయిన గొంతే విన్నట్టయింది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయన్నాడు. రంగు రంగుల కాగితాలు, ముద్రలు, ఫొటోలు. మాది ఒక్క తెల్లకాగితం. పదిహేనేళ్ల తర్వాత ఎట్లా ఉంటామో మనిషికి తెలిసినట్టే మాట్లాడతాం, అప్పుడూ ఇప్పుడూ. అమ్మ అడిగిన ఖమ్మం ప్లాటు ఉన్న చోట ఇప్పుడు మూడంతస్తుల ఆసుపత్రి ఉంది. అమ్మ మోకాళ్లకు సూదిమందు అక్కడే వేయిస్తాను.

భద్రాచలం దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకుని వెళ్లాం. రోడ్డు వచ్చింది, కరెంటు వచ్చింది. నాయిన చెప్పినవన్నీ వచ్చాయి. రాళ్ల గోడ చాలావరకు అట్లాగే ఉంది. చేనంతా మిరప. ముత్తయ్య మామ మనవరాలు సమ్మక్క కల్లంలో మిరపకాయలు ఆరబోస్తూ కనిపించింది. ముప్పై ఏళ్లుంటాయి. ఎవరమో చెప్పగానే చేతులు కడుక్కుని పరుగెత్తుకొచ్చి అమ్మను పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. సర్కారు ఇచ్చిన డబ్బుతో కట్టుకున్న ఇల్లు, సరిగ్గా ఆ మూలలోనే. మేము తీసిన పునాది గుంటలు ఊరికే ఎందుకు పోవాలని వాటి మీదే లేపారట. తలుపు మీద నంబరేమీ లేదు. అమ్మ గడప దగ్గర ఆగి తలుపును ఒకసారి చేత్తో తడిమింది. లోపలికి వెళ్లి వంటింట్లోకి తొంగి చూసి, "వెలుతురు బాగా వస్తోంది బిడ్డా" అంది. సమ్మక్క సంతోషపడింది. బావి నీళ్లు చెంబుతో తెచ్చి ఇచ్చింది.

"మీ పుణ్యాన మాకు నీళ్లకు కష్టం లేదు అమ్మమ్మా" అంది మా ఎదురుగా నేల మీద కూర్చుంటూ. "మా తాత మీ ముచ్చట్లు మస్తు చెప్పెటోడు. బాయి తవ్వతందుకు కూలోళ్లను తోలుకొచ్చిన నాడు తాత అడ్డం పడ్డడట. వద్దన్నా, గీ కాగితం చెల్లదు, పక్కూళ్లె గిట్లనే సర్కారోళ్లు వాపసు తీసుకున్నరు, నీ పైసలు మట్టిల పొయ్యకు అన్నడట. మీ ఆయన నవ్విండట. మా బిడ్డ పెద్ద సదువు సదువుతుంది, చట్టాలన్ని ఆమెకు ఎరుకే, అడిగిన, ఆమెనే తవ్వియ్యమన్నది అన్నడట. ఇగ సదువుకున్న పిల్ల చెప్పినంక నేనేం చెప్పాలె అని తాత ఊకున్నడట." ఆ పిల్ల ఇది నవ్వుతూనే చెప్పింది. మా నాయినకు నా మీద ఎంత నమ్మకమో నాకు చెబుతున్నాననుకుంది. నేను నీళ్ల చెంబు కింద పెట్టాను. అమ్మ మాత్రం తలాడిస్తూ విని, సమ్మక్క పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు అని అడిగింది. వచ్చేప్పుడు సమ్మక్క ఒక సంచీలో ఎండుమిరపకాయలు పోసి ఇస్తే వద్దనకుండా తీసుకుంది.

భద్రాచలం బస్టాండులో బల్ల మీద కూర్చున్నాం. అమ్మ సంచీ ఒళ్లో పెట్టుకుని మూతి ముడి బిగించింది. తర్వాత అడిగింది, "బావి తవ్వించమన్నప్పటికి ఆ కాగితం చెల్లదని నీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ నెలలోనే. వరంగల్లులో."

అమ్మ తల ఊపింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండేది. "ఆ రోజు నేను పొయ్యి దగ్గరే ఉన్నాను" అంది. "ప్లాటే తీసుకోవాలని మీ నాయినతో గట్టిగా పోట్లాడదామని లేచాను. ఇంతలో నువ్వు బావి అన్నావు. చదువుకున్న పిల్ల, ఏదో తెలిసే అంటుందిలే అని మళ్లీ కూర్చున్నాను."

ఖమ్మం బస్సు వచ్చింది. నేను లేచి చేయి అందించాను. అమ్మ నా చేయి పట్టుకోకుండా, కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టూ తనే ఎక్కింది.